పాలపన్ను వేరు ఏమైంది?

ఊడిన పాలపన్నును తిప్పి చూస్తే కింద వేరు కనిపించదు. లోపల గుజ్జు కూడా దాదాపు ఉండదు, గుల్లగా ఉంటుంది. విరగలేదు, అరగలేదు... మరి అవన్నీ ఎక్కడికి పోయినట్టు?

ఆదివారం పొద్దున్నే ఆ ఇంట్లో ఒకటే సందడి. ఒకటో తరగతి చదివే పాప పదిరోజులుగా నాలుకతో నెడుతూ, వేలితో కదుపుతూ వచ్చిన కింది పన్ను టిఫిన్ తింటుండగా ఊడి చేతిలోకి వచ్చేసింది. ఏడుస్తుందేమోనని అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పాప ఏడవలేదు సరికదా, అద్దం ముందుకెళ్లి తొర్రినోరు తెరిచి ఒకటే నవ్వు. రక్తం కూడా రెండు చుక్కలే.

నాన్న మాత్రం పన్నును అటూ ఇటూ తిప్పి చూసి కంగారుపడ్డాడు. ‘దీనికి వేరేదమ్మా? విరిగి లోపలే ఉండిపోలేదు కదా?’ అన్నాడు. ‘పాలపళ్లకు వేళ్లుండవురా. అందుకేగా అంత తేలిగ్గా ఊడొస్తాయి’ అని నానమ్మ తేల్చేసింది.

ఆ మాట విని అమ్మ మనసు కాస్త కుదుటపడింది. నాలుగేళ్ల చిన్నవాడి దవడ పన్ను ఒకటి పుచ్చి నల్లబడింది. రెండు రోజులుగా రాత్రిళ్లు నొప్పంటున్నాడు. డాక్టరుకు చూపించాలా వద్దా అని ఆమె ఆలోచిస్తోంది. ‘అక్క పన్ను చూడు నాన్నా, ఎంత తేలిగ్గా ఊడిపోయిందో. నీదీ అలాగే ఊడిపోతుందిలే’ అని వాణ్ని ఓదార్చింది.

చాలా ఇళ్లలో వినిపించే మాటలే ఇవి. కానీ ముగ్గురూ పొరబడ్డారు. పాలపన్నుకు వేరు ఉంటుంది. అది విరిగి లోపల ఉండిపోలేదు. ఇక చిన్నవాడి పన్ను దానంతటది ఊడాలంటే ఇంకా కనీసం అయిదారేళ్లు పడుతుంది. ఆ అయిదారేళ్లలో దాని వేళ్లకు ఏమవుతుందో తెలిస్తే ‘ఊడిపోతుందిలే’ అన్న మాట అంత తేలిగ్గా నోటికి రాదు.

వేరు లేకుండా జంతిక నమలగలడా?

పాలపళ్లు మొత్తం 20. పైన పది, కింద పది. వీటి తయారీ బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది. ముందు పళ్లకు గట్టి పదార్థం పేరుకోవడం నాలుగో నెలలోనే ఆరంభమవుతుంది. పుట్టిన ఆరేడు నెలలకు సాధారణంగా కింది ముందు పళ్లు చిగురులోంచి తొంగిచూస్తాయి. మూడేళ్లు వచ్చేసరికి 20 పళ్లూ వచ్చేస్తాయి.

పన్ను బయటికొచ్చే నాటికి పైభాగమే పూర్తయి ఉంటుంది. వేరు ఇంకా పెరుగుతూనే ఉంటుంది. అది పూర్తవడానికి సుమారు మరో ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ముందు పళ్లకూ కోరపళ్లకూ ఒక్కో వేరు. కింది దవడ పళ్లకు రెండేసి, పై దవడ పళ్లకు మూడేసి. పైకి కనిపించే భాగంతో పోల్చి చూస్తే పాలపన్ను వేరు పొడవైనదే. నాలుగేళ్ల పిల్లాడు జంతికను కటకటా నమిలేస్తున్నాడంటే, చెరకు ముక్కను చీల్చి తింటున్నాడంటే అదంతా ఆ వేళ్ల బలమే.

పాల దవడ పళ్ల వేళ్లలో మరో విశేషం ఉంది. అవి సన్నగా, పట్టకారు కాళ్లలా ఎడంగా ఉంటాయి. ఆ ఎడంలోనే, ఎముక లోపల, తర్వాత రాబోయే శాశ్వత దంతం మొగ్గ పెరుగుతుంటుంది. ముందు పళ్ల దగ్గరైతే కొత్త పన్ను పాలపన్ను వేరుకు వెనకవైపు, అంటే నాలుక వైపు ఉంటుంది. ఆరేళ్ల పిల్లల దవడను ఎక్స్‌రే తీస్తే పైన ఒక వరస, కింద ఎముకలో మరో వరస పళ్లు ఒకేసారి కనిపిస్తాయి. మొదటిసారి చూసిన తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు కూడా.

పండితులూ పొరబడ్డారు!

వేరు లోపలే ఉండిపోయిందేమోనన్న నాన్న అనుమానం ఇవాళ్టిది కాదు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో వైద్యగ్రంథం రాసిన సెల్సస్, పిల్లలకు కొత్త పన్ను పాత వేరు నుంచే పుట్టుకొస్తుందని భావించాడు. ఊడిన పన్నుకు వేరు కనిపించదు, కొన్నాళ్లకు అదే చోట కొత్త పన్ను వస్తుంది. కాబట్టి లోపల మిగిలిన వేరే మళ్లీ చిగురించిందని అనుకోవడంలో వింతేమీ లేదు. కొట్టేసిన చెట్టు మోడు నుంచి పిలకలు రావడం అందరూ చూసిందే కదా! పదహారో శతాబ్దంలో శరీరశాస్త్రాన్ని కొత్తదారి పట్టించిన వెసాలియస్ కూడా ఈ విషయంలో అలాగే అనుకున్నాడు.

ఈ లెక్క సరిచేసింది ఇటలీకి చెందిన బార్టొలొమియో యూస్టాకీ. దంతాల మీదే ప్రత్యేకంగా ఆయన రాసిన పుస్తకం 1563లో వచ్చింది. గర్భస్థ శిశువుల, పసిపిల్లల దవడలను కోసి చూసిన యూస్టాకీకి పాలపళ్ల మొగ్గలు వేరుగా, శాశ్వత దంతాల మొగ్గలు వేరుగా కనిపించాయి. కొత్త పన్ను పాత వేరుకు పుట్టిన పిలక కాదని తేలిపోయింది. మరి పాత వేరు ఏమైనట్టు? దానికి జవాబు దొరకడానికి మైక్రోస్కోపులు రావాల్సి వచ్చింది.

ఎముకను కరిగించే చేతులే...

మన ఎముకలు చూడటానికి రాయిలా ఉన్నా లోపల ఎప్పుడూ మరమ్మతు జరుగుతూనే ఉంటుంది. పాత ఎముకను కొన్ని కణాలు కరిగిస్తుంటాయి. మరికొన్ని కణాలు కొత్త ఎముకను పోస్తుంటాయి. కరిగించే కణాలను ఆస్టియోక్లాస్టులు అంటారు. పాలపన్ను వేరు దగ్గరికి చేరేవి వీటికి దాయాదులు. పేరు ఒడాంటోక్లాస్టులు.

రక్తంలో తిరిగే ఒక జాతి తెల్లకణాల నుంచి వచ్చిన చిన్న కణాలు కొన్ని కలిసిపోయి ఒక పెద్ద కణంగా మారతాయి. అందుకే ఒక్కో ఒడాంటోక్లాస్టులో చాలా కేంద్రకాలుంటాయి. ఇది వేరు మీదికి చేరి, బోర్లించిన గిన్నె అంచు నేలకు ఆనినట్టు గట్టిగా అతుక్కుంటుంది. ఆ మూత కింద ఆమ్లాన్ని వదులుతుంది. ఆమ్లానికి వేరులోని ఖనిజం కరుగుతుంది. మిగిలిన మాంసకృత్తుల వలను ఎంజైములు జీర్ణం చేసేస్తాయి. అక్కడ చిన్న గుంట పడుతుంది. కణం పక్కకు జరిగి మరో గుంట తవ్వుతుంది. ఇలా గుంట పక్కన గుంట పడుతూ వేరు కిందినుంచి పైకి కురచబడుతుంది. కరిగిన క్యాల్షియం వృథాగా పోదు. తిరిగి శరీరంలోనే కలిసిపోతుంది.

ముందు పళ్లకు ఈ పని సాధారణంగా నాలుగైదేళ్ల వయసులో మొదలవుతుంది. కొత్త పన్ను వెనకవైపు ఉంటుంది కాబట్టి వేరు కరగడమూ చివరన, నాలుక వైపునుంచే ఆరంభమవుతుంది. దవడ పళ్లకైతే ఎడంగా ఉన్న వేళ్ల లోపలి వైపునుంచి. అంటే మూడేళ్లకు పళ్లన్నీ వచ్చాయని మురిసిపోయిన కొద్దికాలానికే, పైకి ఏమీ తెలియకుండా, మొదటి పళ్ల వేళ్లు కరగడం మొదలైపోతుందన్నమాట.

కొత్త పన్ను నెడుతుందా?

కింది పన్ను పైకి తోసుకొస్తుంటే ఆ ఒత్తిడికి పై పన్ను వేరు అరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఒత్తిడి పాత్ర కొంత ఉన్నా అసలు కథ అది కాదు. 1969లో కేహిల్ అనే పరిశోధకుడు కుక్కపిల్లల మీద ఒక ప్రయోగం చేశాడు. ఎముకలో ఉన్న శాశ్వత దంతాన్ని కదలకుండా కట్టిపడేశాడు. పన్ను అంగుళం కూడా పైకి రాలేదు. అయినా దానిపైన దారి తయారవడం మాత్రం ఆగలేదు! పెళ్లికొడుకు ఇంట్లోంచి బయల్దేరకపోయినా ఇక్కడ పందిరి వేసేసినట్టు.

ఆ దారి వేయించేది ఎవరు? కొత్త పన్ను మొగ్గ చుట్టూ ఒక సంచిలాంటి పొర ఉంటుంది. కేహిల్, మార్క్స్ కలిసి 1980లో ప్రచురించిన ప్రయోగాల్లో ఈ పొరను తీసేస్తే పన్ను బయటికి రాలేదు. తర్వాత 1984లో ఇంకో అడుగు ముందుకేశారు. పొరను ఉంచి లోపలి పన్నును తీసేసి, దాని స్థానంలో పన్ను ఆకారంలో చేసిన ప్రాణంలేని నమూనాను పెట్టారు. ఆ నమూనా కూడా పన్నులాగే బయటికొచ్చింది!

ఈ పొర, పాలపన్ను వేరును ఎముకకు కట్టి ఉంచే నారల్లోని కణాలు కొన్ని రసాయన సంకేతాలు పంపుతాయి. వాటిలో ముఖ్యమైనది రాంక్‌ఎల్ అనే ప్రొటీన్. ఇది కరిగించే కణాలను తయారుచేయిస్తుంది, పనిలోకి దింపుతుంది. ఓపీజీ అనే మరో ప్రొటీన్ దీన్ని అడ్డుకుంటుంది. రెండింటి తూకం ఎటు మొగ్గితే పని అటు నడుస్తుంది.

కొందరికి కొన్ని శాశ్వత దంతాల మొగ్గలే ఏర్పడవు. పాల దవడ పళ్లలో వెనకదాని కింద రావాల్సిన పన్ను లేకపోవడం ఇలాంటివాటిలో తరచూ కనిపిస్తుంది. అప్పుడు దారి అడిగేవాళ్లు లేక పాలపన్ను వేరు చాలా నెమ్మదిగా కరుగుతుంది. ముప్ఫై, నలభై ఏళ్ల వయసులోనూ నోట్లో పాలపన్ను ఉన్నవాళ్లు అందుకే కనిపిస్తుంటారు. అయితే అలాంటి పళ్లలోనూ వేరు ఆలస్యంగానైనా కరగొచ్చు. అందుకే కొత్త పన్ను ఒక్కటే దీనికంతటికీ కారణమని చెప్పలేం.

నిన్న వదులు, ఇవాళ బిగువు

పాప పన్ను మొదట్లో ఒకరోజు ఊగినట్టే ఊగి, నాలుగు రోజులకు మళ్లీ గట్టిపడింది. ‘ఇంకా టైముందిలే’ అని నానమ్మ అంది. ఆ మాట మాత్రం నిజమే. వేరు కరగడం ఒక్క బిగిన సాగే పని కాదు. కొన్నాళ్లు కరుగుతుంది. కొన్నాళ్లు ఆగుతుంది. ఆగినప్పుడు పడ్డ గుంటల్లో సిమెంటం లాంటి గట్టి పదార్థం పేరుకుని మరమ్మతు జరుగుతుంది. నారలు మళ్లీ అతుక్కుంటాయి. పన్ను బిగుస్తుంది. మొత్తమ్మీద కరగడానిదే పైచేయి కాబట్టి వేరు కురచబడుతూ పోతుంది.

ఇందులో పెద్ద వెసులుబాటు ఉంది. వేరంతా ఒక్కసారే కరిగిపోతే పిల్లలు నెలలతరబడి ఊగే పళ్లతో తిండి తినాల్సి వచ్చేది. ఇలా ఆగి ఆగి కరగడం వల్ల దాదాపు చివరిదాకా పన్ను తన పని తాను చేస్తూనే ఉంటుంది. చివర్లో ఆధారం తగ్గేకొద్దీ నమిలే ఒత్తిడి కూడా తోడై పన్ను ఊగడం ఎక్కువవుతుంది.

గుజ్జు చివరిదాకా కాపలా

పన్ను లోపల మెత్తని గుజ్జు ఉంటుంది. రక్తనాళాలు, నరాలు, పన్నులోని డెంటిన్ పొరను తయారుచేసే కణాలు అన్నీ అందులోనే. వేరు కరుగుతుంటే గుజ్జు కూడా ముందే చచ్చిపోతుందని అనుకుంటాం. నిజానికి వేరు చాలావరకు కరిగేదాకా పైభాగంలోని గుజ్జు ఆరోగ్యంగానే ఉంటుంది. పని బయటినుంచే జరుగుతుంటుంది.

ఆఖరి దశలో కథ మారుతుంది. డెంటిన్ తయారుచేసే కణాలు క్షీణిస్తాయి. కరిగించే కణాలు గుజ్జు గదిలోనూ పుట్టుకొచ్చి పన్నును లోపలినుంచీ తవ్వడం మొదలుపెడతాయి. గోడలు పలచబడతాయి. ఊడబోయే ముందు కొన్ని పళ్లు లేత గులాబీరంగులో కనిపించడానికి కారణం ఇదే. లోపలి మెత్తటి కణజాలం పలచబడ్డ గోడలోంచి కనిపిస్తుందన్నమాట. చివరికి గిన్నెలా గుల్లబడిన పైభాగమే మిగులుతుంది.

ఇంతలో చిగురు అంచునున్న చర్మపు పొర నెమ్మదిగా పన్ను కిందికి పాకుతుంది. పన్ను ఊడకముందే గాయం చాలావరకు కప్పేసినట్టవుతుంది. నరాలూ రక్తనాళాలూ అప్పటికి చాలా తగ్గిపోయి ఉంటాయి. అందుకే పాపకు నొప్పి లేదు, రక్తం రెండు చుక్కలతో సరి. అదే, సమయం రాకముందే దారం కట్టి, తలుపుకు ముడివేసి లాగితే? ఇంకా మిగిలిన వేరు విరగొచ్చు, చిగురు చీరుకుపోవచ్చు. ఊగే పన్నును పిల్లలు నాలుకతో కదుపుకొంటుంటే చాలు. దాని సమయానికి అదే వస్తుంది.

వేరు ఉంటేనే అనుమానం

నాన్న కంగారు పడాల్సింది వేరు లేనందుకు కాదు. నిండు వేరుతో పన్ను ఊడితేనే ఆలోచించాలి. దెబ్బేమీ తగలకుండా, అయిదేళ్లలోపే, పొడవాటి వేరుతో సహా పాలపన్ను ఊడొచ్చిందంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. హైపోఫాస్ఫటేసియా అనే అరుదైన జన్యు వ్యాధికి ఇది తొలి గుర్తు కావొచ్చు. ఒక ఎంజైము లోపం వల్ల వేరును ఎముకకు పట్టి ఉంచే సిమెంటం సరిగా ఏర్పడక పళ్లు జారిపోతాయి. ఎముకలూ బలహీనపడొచ్చు. ఊడిన ఆ పన్నును పారేయకుండా డాక్టరుకు తీసుకెళ్లి చూపిస్తే ఎంతో ఉపయోగం.

ఇంకో కంగారు రెండు వరసలది. కింద ముందు పాలపళ్లు ఊడకుండానే వెనక కొత్త పళ్లు వచ్చేస్తుంటాయి. వేరు ఒకవైపే కరిగి రెండోవైపు మిగిలిపోవడం వల్ల ఇలా అవుతుంది. పాలపన్ను ఊగుతుంటే చాలావరకు అదే ఊడిపోతుంది. నాలుక ఒత్తిడికి కొత్త పన్ను మెల్లగా ముందుకు జరుగుతుంది. పాలపన్ను కాస్తయినా కదలకుండా గట్టిగా ఉంటే మాత్రం డాక్టరు చూడాలి. ఒకవైపు పన్ను ఊడి ఆర్నెల్లయినా రెండోవైపు అదే పన్ను కదలకపోయినా అంతే. కొన్నిసార్లు పాల దవడ పన్ను వేరు ఎముకతో అతుక్కుపోతుంది. చుట్టుపక్కల పళ్లు ఎదుగుతుంటే అది మాత్రం కిందికి కుంగినట్టు కనిపిస్తుంది.

‘ఎలాగూ ఊడేదేగా!’

ఇప్పుడు చిన్నవాడి పన్ను సంగతి. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడటం మొదలైతే, దవడ పాలపళ్లు ఊడేది తొమ్మిది నుంచి 12 ఏళ్ల మధ్య. అంటే నాలుగేళ్లప్పుడు పుచ్చిన దవడ పన్నుతో వాడు మరో అయిదు నుంచి ఎనిమిదేళ్లు గడపాలి. పాలపళ్ల పైపొర శాశ్వత దంతాలకన్నా పలచన. లోపలి గుజ్జు పెద్దది. అందుకే పుప్పి చాలా త్వరగా గుజ్జును చేరుకుంటుంది. రాత్రిళ్లు దానంతటదే నొప్పి వస్తోందంటే అప్పటికే గుజ్జు దెబ్బతిందని అనుమానించాలి.

అక్కడితో ఆగితే ఫర్వాలేదు. గుజ్జు చచ్చి, చీము వేళ్ల మధ్యకు దిగుతుంది. ఆ వేళ్ల మధ్యనే కదా కొత్త పన్ను మొగ్గ ఉన్నది! ఎనామిల్ తయారయ్యే సమయంలో ఈ చీము తగిలితే శాశ్వత దంతం మచ్చలతో, గుంటలతో బయటికి రావొచ్చు. ఇలాంటి పన్నును డాక్టర్లు టర్నర్ పన్ను అంటారు. క్రమపద్ధతిలో జరగాల్సిన వేరు కరగడం కూడా అస్తవ్యస్తమవుతుంది.

‘అయితే పీకేయండి డాక్టర్‌గారూ’ అంటారు కొందరు. పాలపన్ను నమలడానికే కాదు, చోటు కాపాడటానికి కూడా. ఆరేళ్లప్పుడు పాల దవడ పళ్ల వెనక కొత్తగా ఒక పెద్ద పన్ను వస్తుంది. అది ఏ పాలపన్నూ ఊడకుండా వచ్చే శాశ్వత దంతం. చాలామంది దాన్నీ పాలపన్నే అనుకుని పట్టించుకోరు. ముందున్న పాలపన్ను లేకపోతే ఈ పెద్ద పన్ను ముందుకు వాలి ఆ ఖాళీని ఆక్రమిస్తుంది. తర్వాత రావాల్సిన పన్నుకు చోటుండదు. వంకరగా వస్తుంది, లేదంటే ఎముకలోనే ఇరుక్కుపోతుంది. బస్సులో కర్చీఫ్ వేసి ఆపిన సీటులాంటిది పాలపన్ను. కర్చీఫ్ ముందే తీసేస్తే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. తప్పనిసరై పన్ను తీయాల్సి వస్తే ఆ ఖాళీని కాపాడే తీగ అమరుస్తారు. దాన్నే స్పేస్ మెయింటెయినర్ అంటారు.

చాలా సందర్భాల్లో పీకాల్సిన పనే ఉండదు. గుజ్జు పైభాగమే దెబ్బతింటే అంతవరకే తీసి, మందు పెట్టి మూసేస్తారు. వేళ్లదాకా పాకితే వేళ్లను శుభ్రంచేసి నింపుతారు. ఇక్కడే ఉంది అసలు మెలిక. పెద్దవాళ్లకు రూట్ కెనాల్‌లో నింపే గట్టా పెర్చా అనే పదార్థం కరగదు. పాలపన్నులో దాన్ని నింపితే వేరు కరిగినా అది అక్కడే మిగిలి కొత్త పన్ను దారికి అడ్డం పడుతుంది. అందుకే కింద కొత్త పన్ను ఉన్న పాలపళ్లలో జింక్ ఆక్సైడ్ యూజినాల్, క్యాల్షియం హైడ్రాక్సైడ్‌తో అయొడోఫామ్ కలిపిన ముద్దలాంటి, శరీరంలో కరిగే మందులు వాడతారు. వేరుతోపాటు మందూ కరిగిపోవాలన్నమాట. పైన స్టీలు తొడుగు వేస్తే, సమయం వచ్చినప్పుడు పన్ను ఆ తొడుగుతో సహా ఊడిపోతుంది.

ఆడుకుంటూ పడి పాలపన్ను పూర్తిగా ఊడొస్తే దాన్ని తిరిగి పెట్టకూడదు. పెడితే కింది మొగ్గకు దెబ్బ. డాక్టరుకు చూపించడం మాత్రం మానొద్దు. అదే ఏడెనిమిదేళ్లు దాటి శాశ్వత దంతం ఊడితే ఒక్క నిమిషం కూడా వృథా చేయకూడదు. వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, పాలలో వేసి గంటలోపు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. దాన్ని మళ్లీ అమర్చి నిలబెట్టే అవకాశం ఉంటుంది.

ఇవేవీ అవసరం పడకుండా చూసుకోవడం ఇంకా తేలిక. మొదటి పన్ను వచ్చిన రోజునుంచే శుభ్రం చేయాలి. మూడేళ్లలోపు పిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్లదాకా బఠాణీ గింజంత చాలు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు మాన్పించాలి. మొదటి పుట్టినరోజుకల్లా ఒకసారి దంతవైద్యుడికి చూపించడం మంచిది.

గుల్లలోనూ ప్రాణం

ఊడిన పన్ను గుల్ల అయినా పూర్తిగా నిర్జీవం కాదు. లోపల చిన్న ఎర్రటి ముక్క అంటుకుని కనిపిస్తుంది. గుజ్జులో మిగిలిన తునక అది. అమెరికాలో పరిశోధన చేస్తున్న పిల్లల దంతవైద్యుడు సాంగ్‌టావ్ షీకి తన కూతురి ఊడిన పన్నులో ఆ తునక కనిపించింది. దాంతో పిల్లల పళ్లను సేకరించి పరీక్షించారు. అందులో మూలకణాలున్నాయని 2003లో ఆయన బృందం ప్రకటించింది. ఆ కణాలకు కొవ్వు కణాలుగా, నాడీకణాల్లాంటివిగా, డెంటిన్ తయారుచేసే కణాలుగా మారే శక్తి ఉందని గుర్తించింది. వీటితో చికిత్సల మీద అప్పటినుంచీ పరిశోధనలు సాగుతున్నాయి. అయితే పన్నును బ్యాంకులో దాస్తే రేపు ఏ జబ్బునైనా నయం చేయొచ్చన్న ప్రచారాన్ని నమ్మి డబ్బు కట్టే ముందు డాక్టరుతో మాట్లాడటం మంచిది. రోజువారీ వైద్యంలోకి అవి ఇంకా రాలేదు.

ఆ ఇంట్లో సోమవారం సాయంత్రం అమ్మ చిన్నవాణ్ని దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. పన్ను పీకలేదు. లోపల శుభ్రంచేసి మందు నింపారు. వారం తర్వాత తొడుగు వేస్తామన్నారు. ‘ఇది ఊడే లోపు వీడు అయిదో తరగతికి వచ్చేస్తాడు’ అన్నారు డాక్టరు.

ఇంటికొచ్చేసరికి పాప పన్ను కాగితంలో చుట్టి నానమ్మ సిద్ధంగా ఉంది. పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరాలి, అప్పుడే కొత్త పన్ను తొందరగా వస్తుందని ఆవిడ పట్టు. అపార్ట్‌మెంటులో పేడెక్కడిది? పెంకుల కప్పెక్కడిది? చివరికి మనవరాలూ నానమ్మా కలిసి బాల్కనీలోంచి వాచ్‌మన్ గది రేకుల మీదికి విసిరారు. టక్కున చప్పుడైంది.

‘నానమ్మా, దీనికీ వేరుండేదట. కరిగిపోయిందట’ అంది పాప.

‘అలాగా తల్లీ? నా అరవై ఏళ్లలో ఎవరూ చెప్పలేదే!’ అంటూ నానమ్మ మనవడి వైపు తిరిగింది. ‘నువ్వు మాత్రం ఆ చాక్లెట్ తిని పడుకోకు. రా, నోరు పుక్కిలించి పళ్లు తోముకుందువుగాని’.